విశ్వవిద్యాలయ హాజరు నిబంధనలు – జబ్బుపడిన విద్యార్థులు

భారతదేశంలో డిగ్రీ, ఇంజనీరింగ్, వైద్యం, న్యాయశాస్త్రం వంటి కోర్సులు చదివే విద్యార్థి పరీక్ష రాయాలంటే ఫీజు కడితే చాలదు. జరిగిన తరగతుల్లో నిర్ణీత భాగానికి హాజరై ఉండాలి. చాలా విశ్వవిద్యాలయాల్లో ఆ భాగం 75 శాతం. అంతకు తగ్గితే హాల్ టికెట్ ఇవ్వరు. విద్యార్థుల వాడుకలో ఇది ‘అటెండెన్స్ షార్టేజ్’. కొరతను మన్నించి పరీక్షకు అనుమతించడం ‘కండొనేషన్’. మన్నించకపోతే ‘డిటెన్షన్’. టైఫాయిడ్‌తో మంచం పట్టినవాడికీ, సినిమాలకు తిరిగినవాడికీ రిజిస్టరులో పడే గుర్తు ఒకటే. తేడా తెలిసేది సెమిస్టరు చివర, అదీ విద్యార్థి అర్జీ పెట్టుకుంటేనే. మన హాజరు నిబంధనల్లో అనారోగ్యానికి ఉన్న చోటు ఇంతే: అది విద్యార్థి హక్కుగా కాక, అధికారి విచక్షణకు వదిలిన మినహాయింపుగా ఉంది. ఆ మినహాయింపుకూ ఒక హద్దు ఉంది. ఎక్కువ జబ్బుపడినవారు ఆ హద్దు దాటి అవతల పడతారు.

నిబంధన వెనుక చరిత్ర

1857లో మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలు ఏర్పడినప్పుడు అవి ప్రధానంగా పరీక్షలు పెట్టే సంస్థలు. పాఠం చెప్పేది అనుబంధ కళాశాల, పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. విద్యార్థి నిజంగా చదువుకునే వచ్చాడని దూరాన ఉన్న విశ్వవిద్యాలయానికి తెలియాలంటే కళాశాల ఇచ్చే ధ్రువపత్రమే ఆధారం. ఒక సంస్థ పాఠం చెప్పి మరో సంస్థ పరీక్ష పెట్టే ఈ పద్ధతి నేటికీ కొనసాగుతోంది. హాజరు శాతానికి ఇంత బరువు రావడానికి అదొక కారణం.

స్వాతంత్ర్యం వచ్చాక 1948–49లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, పరీక్ష రోజులు కాక ఏడాదికి కనీసం 180 పనిదినాలు ఉండాలని, డిగ్రీ విద్యార్థులకు తరగతి హాజరు తప్పనిసరిగానే ఉంచాలని సిఫారసు చేసింది. ఆ 180 రోజుల లెక్క తర్వాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, నిబంధనల్లోకీ ఎక్కింది. తొలి డిగ్రీ బోధనా ప్రమాణాలపై యూజీసీ 2003లో తెచ్చిన నిబంధనల ప్రకారం పరీక్షకు కావలసిన కనీస హాజరును విశ్వవిద్యాలయమే నిర్ణయించాలి. అది ‘సాధారణంగా’ 75 శాతానికి తగ్గకూడదు. ఆ ‘సాధారణంగా’ అన్న మాట విశ్వవిద్యాలయాలకు ఇచ్చిన వెసులుబాటు. అసాధారణ పరిస్థితి ఏదో, అందులో ఏం చేయాలో అవి రాసుకోవచ్చు. చాలా విశ్వవిద్యాలయాలు శాతాన్ని తీసుకున్నాయి గానీ వెసులుబాటును పూర్తిగా వాడుకోలేదు.

వృత్తి కోర్సులకు ఆయా మండళ్లు వేరే లెక్కలు పెట్టాయి. న్యాయవిద్యకు బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు కావాలి. అసాధారణ కారణం ఉంటే, ఆ సబ్జెక్టులో 65 శాతం, అన్ని సబ్జెక్టులూ కలిపి 70 శాతం ఉన్న విద్యార్థిని డీన్ అనుమతించవచ్చు. ఎంబీబీఎస్‌కు థియరీలో 75, ప్రాక్టికల్స్, క్లినికల్ తరగతుల్లో 80 శాతం. ఫార్మసీలో 80. నర్సింగ్‌లోనూ 80 శాతమే; సెలవు ఎలాంటిదైనా సరే అంతకు తగ్గరాదని అక్కడ స్పష్టంగా రాశారు. సంప్రదాయ విశ్వవిద్యాలయాల్లో ఢిల్లీది కొంత మెత్తని లెక్క, మూడింట రెండు వంతులు చాలు.

కఠినత్వానికి కారణం లేకపోలేదు. సూది వేయడం, గాయం కడగడం, శవపరీక్ష గమనించడం పుస్తకం చదివి నేర్చుకునే పనులు కావు. ఆ గంటలు తగ్గితే రేపు నష్టపోయేది రోగి. అయితే దీనికి మందు కూడా నర్సింగ్ నిబంధనల్లోనే ఉంది. డిగ్రీ చేతికిచ్చే ముందు ప్రతి ప్రాక్టికల్ విభాగంలో వంద శాతం హాజరు పూర్తి కావాలని అవి అంటాయి. తప్పిపోయిన వార్డు డ్యూటీని విద్యార్థిని తర్వాత చేసి పూడ్చుకోవాలి. నేర్వవలసింది నేర్వడమే ముఖ్యమైతే, జబ్బు తగ్గాక పూడ్చుకునే అవకాశం ఇవ్వడమే సరైన దారి. వైద్య, నర్సింగ్ విద్యార్థుల విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. వారికి క్షయ వంటి జబ్బులు వార్డులోనే అంటుకునే ప్రమాదం ఉంది. చదువు తెచ్చిపెట్టిన జబ్బుకు ఆ చదువులోనే గైర్హాజరు వేయడం ఏ రకంగానూ న్యాయం కాదు.

జేఎన్‌టీయూ పద్ధతి

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది ఇంజనీరింగ్ విద్యార్థులకు తెలిసిన నమూనా జేఎన్‌టీయూలది, అంటే జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయాలది. హైదరాబాద్ జేఎన్‌టీయూ నిబంధనల్లో సబ్జెక్టువారీగా కాక, సెమిస్టరులోని అన్ని సబ్జెక్టుల హాజరునూ కలిపి 75 శాతం చూస్తారు. 65 లేదా అంతకు పైన, 75కు లోపల ఉన్నవారు తగిన కారణాన్ని ఆధారాలతో చూపితే కళాశాల అకడమిక్ కమిటీ కండొనేషన్ ఇవ్వవచ్చు. దానికి ఫీజు ఉంటుంది. 65కు తగ్గితే ఏ పరిస్థితిలోనూ మన్నించరు. అప్పుడు విద్యార్థి డిటెయిన్ అవుతాడు. ఆ సెమిస్టరు నమోదు రద్దవుతుంది, అప్పటివరకు రాసిన మిడ్ పరీక్షల మార్కులూ పోతాయి. మళ్ళీ ఆ సెమిస్టరు నడిచేటప్పుడు, సాధారణంగా ఏడాది తర్వాత, తిరిగి చేరాలి. మిడ్ పరీక్ష రాసినవారికి ఒక్కో థియరీ సబ్జెక్టులో రెండు పీరియడ్ల హాజరు కలుపుతారు. కొన్ని ఇతర విశ్వవిద్యాలయాల్లో కింది గీత 65 బదులు 66 ఉంటుంది. స్వయంప్రతిపత్తి గల కళాశాలలు సొంత నిబంధనలు రాసుకున్నా చాలావరకు ఈ అచ్చులోనే పోస్తాయి.

లెక్క రోజుల్లో కాక పీరియడ్లలో ఉంటుందనేది మొదటి ఏడాది విద్యార్థులకు ఆలస్యంగా తెలుస్తుంది. మూడు గంటల ల్యాబు ఉన్న పూట జ్వరం వస్తే మూడు పీరియడ్లు పోతాయి. ల్యాబు గురువారమైతే, వరుసగా రెండు గురువారాలు పడుకున్నవాడు తక్కువ పీరియడ్లున్న రెండు రోజులు మానినవాడికంటే ఎక్కువ కోల్పోవచ్చు.

జబ్బులకు లెక్క కడితే

నిబంధన ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ విరుగుతుందో తెలియాలంటే దాన్ని జబ్బుల పక్కన పెట్టి చూడాలి. సెమిస్టరుకు 90 బోధన దినాలు, వారానికి ఆరు పనిదినాలు అనుకుందాం. 22 రోజులు మానినా 75 శాతం నిలుస్తుంది. 23 నుంచి 31 రోజులు మానితే కండొనేషన్. 32వ రోజు మానితే డిటెన్షన్.

డెంగీ జ్వరం వారం రోజుల్లో తగ్గినా నీరసం ఇంకొన్నాళ్ళు ఉంటుంది. రెండు వారాలు మానితే పోయేవి 12 రోజులే కనుక ఈ ఒక్క జబ్బును నిబంధన తట్టుకుంటుంది. టైఫాయిడ్‌కు మూడు వారాలు పోతే 18 రోజులు, ఇదీ ఫరవాలేదు. కానీ అదే సెమిస్టరులో మళ్ళీ అయిదు రోజుల జ్వరం వస్తే 23కు చేరి గీత దాటుతుంది. పచ్చకామెర్లతో నాలుగైదు వారాలు పథ్యం మీద ఉన్న విద్యార్థి 24 నుంచి 30 రోజులు కోల్పోయి కండొనేషన్ కోసం నిలబడతాడు. ఇంతవరకు పద్ధతి ఎలాగో నెట్టుకొస్తుంది.

బైకు ప్రమాదంలో కాలి ఎముక విరిగి ఆరు వారాలు కట్టుతో ఉన్నవాడి సంగతి వేరు. అతనికి పోయేవి 36 రోజులు, మిగిలే హాజరు 60 శాతం. అతని ఎక్స్‌రే ఎంత స్పష్టంగా ఉన్నా, ప్రిన్సిపాల్ మనసు ఎంత మంచిదైనా, 65 గీతకు కింద ఉన్నవారిని మన్నించే అధికారం కళాశాలకు లేదు. క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకునేవారు, పెద్ద శస్త్రచికిత్స అయినవారు ఈ వైపే ఉంటారు. అంటే కండొనేషన్ అనే మినహాయింపు ఒక మోస్తరు జబ్బులకే పనికొస్తుంది. సందేహానికి తావులేనంత పెద్ద జబ్బులకు అది తలుపు మూస్తుంది. ఈ నిబంధనల్లో అన్నిటికంటే సరిదిద్దవలసిన లోపం ఇదే.

దీన్ని సరిదిద్దడం కష్టమేమీ కాదనడానికి పాఠశాల విద్యలోనే ఉదాహరణ ఉంది. సీబీఎస్‌ఈ పరీక్షా నియమావళిలో కూడా 75 శాతమే కావాలి. 15 శాతం వరకు కొరతను చైర్మన్ మన్నించవచ్చు. అయితే 60 శాతానికి తగ్గినవారికి కూడా ఆ నియమావళి దారి మూయలేదు. క్యాన్సర్, ఎయిడ్స్, క్షయ లేదా అలాంటి తీవ్రమైన జబ్బుతో చాలాకాలం ఆస్పత్రిలో ఉండవలసి వచ్చినవారి అర్జీని అసాధారణ సందర్భంగా పరిశీలించవచ్చని రాసి ఉంది. పన్నెండో తరగతి పిల్లకు ఇవ్వగలిగిన ఆసరా, ఏడాది తిరిగేసరికి ఇంజనీరింగ్‌లో చేరిన అదే పిల్లకు లేకుండా పోతోంది.

విడతలు విడతలుగా వచ్చే జబ్బుల చిక్కు మరోలా ఉంటుంది. మూత్రపిండాలు చెడి వారానికి రెండు పనిదినాలు డయాలసిస్‌కు వెళ్ళే విద్యార్థి మిగతా నాలుగు రోజులూ తప్పకుండా వచ్చినా హాజరు 66.7 శాతం దగ్గర ఆగుతుంది. ప్రతి సెమిస్టరూ అర్జీ, ప్రతి సెమిస్టరూ ఫీజు. తలసేమియా ఉన్నవారికి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. మన్యం ప్రాంతాల గిరిజన విద్యార్థుల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బులో నొప్పి ఎప్పుడు తిరగబెడుతుందో ముందే చెప్పలేం. వీరికి ఏ ఒక్క విడతా పెద్దది కాదు. అన్నీ కలిస్తే గీత దాటుతుంది. అప్పుడు ‘ఎప్పుడు, ఎన్ని రోజులు’ అని అడిగే అర్జీ ఫారంలో వారి జబ్బు ఇమడదు.

అంటుజబ్బుల విషయం ఇంకా ఆలోచించదగ్గది. ఆటలమ్మ పోసినవారిని పొక్కులు చెక్కు కట్టేదాకా హాస్టలు వారే ఇంటికి పంపేస్తారు. క్షయకు చికిత్స ఆరు నెలలు నడిచినా, మందులు పనిచేసే సాధారణ క్షయలో మొదటి రెండు వారాల తర్వాత ఇతరులకు సోకే ముప్పు బాగా తగ్గుతుంది. కాబట్టి ఓపిక ఉంటే తరగతికి రావచ్చు. తొలి వారాల్లో మాత్రం రాకూడదు. ఇక్కడ విద్యార్థి మానేది తోటివారి మేలు కోసం. అయినా ఆ రోజులు అతని ఖాతాలోనే తగ్గుతాయి. కోవిడ్ లాక్‌డౌన్ కాలాన్ని అందరూ హాజరైనట్టే పరిగణించవచ్చని 2020 ఏప్రిల్‌లో యూజీసీ చెప్పింది. అందరికీ ఒకేసారి వచ్చిన ఆపదలో క్షణంలో సాధ్యమైన పని, ఒక్కరికి వచ్చిన ఆపదలో అసాధ్యం కానక్కర్లేదు.

మెడికల్ సర్టిఫికెట్

జబ్బు నిజమని చూపేది డాక్టరు ఇచ్చే కాగితం. దాని విలువ మాత్రం కళాశాలల్లో చాలా పడిపోయింది. సెమిస్టరు చివర కట్టలుకట్టలుగా సర్టిఫికెట్లు వచ్చిపడతాయనీ, వాటిలో కొన్ని డబ్బుకు పుట్టినవనీ అధ్యాపకుల ఫిర్యాదు. అందులో నిజం ఉంది. డాక్టర్ల వృత్తి నియమావళి ఈ విషయంలో గట్టిగానే ఉంది. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నిబంధనల ప్రకారం డాక్టరు తానిచ్చిన సర్టిఫికెట్లన్నిటికీ రిజిస్టరు నిర్వహించాలి. రోగి సంతకం లేదా వేలిముద్ర, పుట్టుమచ్చల వంటి ఆనవాళ్ళు రాసుకోవాలి. తప్పుడు సర్టిఫికెట్ ఇస్తే రిజిస్టరు నుంచి పేరు తీసేయవచ్చు. కళాశాల ఒక ఫోను చేసి ఆ రిజిస్టరులో వివరం సరిచూసుకుంటే దొంగ కాగితాలు చాలావరకు ఆగుతాయి. అది చేయకుండా అన్ని కాగితాలనూ అనుమానించడం వల్ల బాధపడేది నిజంగా జబ్బుచేసినవారే.

అసలు కాగితమే తెచ్చుకోలేనివారు కూడా ఉన్నారు. పల్లెలో జ్వరం వస్తే మొదట చూసేది ఆర్‌ఎంపీ. ఇంటికే వచ్చి సెలైన్ ఎక్కించి వెళతారు. వారి చీటీ కళాశాలలో చెల్లదు, ఎందుకంటే వారు నమోదైన వైద్యులు కారు. ప్రభుత్వ డాక్టరు సంతకమే కావాలని పట్టుబట్టే కళాశాలలున్నాయి. జబ్బు తగ్గాక పీహెచ్‌సీకి వెళ్ళి గత నెల సంగతి రాయమంటే, తాను చూడని రోగానికి ఏ నిజాయితీ గల డాక్టరూ సంతకం పెట్టరు. పట్నంలో కార్పొరేట్ ఆస్పత్రిలో చేరినవారికి డిశ్చార్జి సమ్మరీ, పరీక్షల రిపోర్టులు, బిల్లులు ఒక ఫైలుగా చేతికొస్తాయి. కాబట్టి ఒకే జబ్బు ఊరినిబట్టి, డబ్బునుబట్టి రుజువవుతుంది లేదా రుజువు కాకుండా పోతుంది. కళాశాలలోనే డాక్టరు ఉండి, జబ్బుపడ్డ వారంలోనే నమోదు చేసే ఏర్పాటు ఉన్నచోట ఈ బాధ చాలా తగ్గుతుంది. అది లేనిచోట కుటుంబం చేయగలిగిన మంచిపని ఒకటే: మంచం పట్టిన రోజునే విభాగాధిపతి (హెచ్‌ఓడీ)కి రాతపూర్వకంగా, కనీసం ఈమెయిల్‌లో తెలియజేసి, మొదటి చీటీ నుంచి ప్రతిదీ దాచడం. సెమిస్టరు చివర తెచ్చే సాక్ష్యంకంటే తారీఖు పడిన ఆ మొదటి కబురుకే బలం ఎక్కువ.

ఇక ఫీజు. కండొనేషన్ ఫీజు మొత్తం విశ్వవిద్యాలయాన్నిబట్టి మారుతుంది. తరగతులు ఎగ్గొట్టినవారిపై జరిమానాగా దాన్ని సమర్థించవచ్చునేమో. ఆస్పత్రి బిల్లు కట్టి వచ్చిన కుటుంబం దగ్గర, జబ్బు నిజమేనని కమిటీయే ఒప్పుకున్నాక కూడా దాన్ని వసూలు చేయడానికి సమర్థన కనబడదు.

డిటెన్షన్ తర్వాత

డిటెయిన్ అయినవారికి పోయేది ఏడాది మాత్రమే కాదు. తిరిగి చేరేసరికి విశ్వవిద్యాలయం కొత్త రెగ్యులేషన్‌కు, అంటే కొత్త పాఠ్యప్రణాళికకూ నిబంధనలకూ, మారి ఉండవచ్చు. 2018 నాటి ఆర్18 రెగ్యులేషన్‌లో ఆగినవారు 2022 నాటి ఆర్22 విద్యార్థులతో కూర్చుంటే, ఇదివరకు చదివిన సబ్జెక్టులు కొన్ని మళ్ళీ ఎదురవుతాయి, చదవనివి కొన్ని అదనంగా వచ్చిపడతాయి. హాస్టలు గది, స్నేహితుల గుంపు మారిపోతాయి. ప్రాంగణ నియామకాల్లో కంపెనీలు చదువులో విరామం ఎందుకొచ్చిందని అడుగుతాయి. హైదరాబాద్ జేఎన్‌టీయూ నిబంధనల్లో నాలుగేళ్ళ బీటెక్‌ను ఎనిమిదేళ్ళలోగా ముగించకపోతే సీటే పోతుంది.

పేద కుటుంబాలకు మరో దెబ్బ ఫీజు రీయింబర్స్‌మెంటు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ పథకం 75 శాతం హాజరుతోనూ, పై తరగతికి చేరడంతోనూ ముడిపడి ఉంది. జబ్బువల్ల ఆగిపోయిన ఏడాదికి ప్రభుత్వం నుంచి ఫీజు రాకపోతే దాన్ని తండ్రే అప్పుచేసి కట్టాలి. కళాశాల కమిటీ కండొనేషన్ ఇచ్చినా, వేలిముద్రల యంత్రం నుంచి నేరుగా సంక్షేమ శాఖకు వెళ్ళే హాజరు లెక్కలో ఆ మన్నింపు కనబడకపోతే విద్యార్థి మళ్ళీ కార్యాలయాల చుట్టూ తిరగాల్సిందే. ఈ రెండు లెక్కలనూ ఒకదానికొకటి జోడించడం పూర్తిగా ప్రభుత్వం చేతిలో ఉన్న పని.

వైకల్యం, మానసిక అనారోగ్యం

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ విషయంలో తగినంతగా వాడుకోని ఆయుధం. ఆ చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, మానసిక అనారోగ్యం ఉన్నాయి. ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు పొందిన విద్యాసంస్థలు ఒక్కొక్కరి అవసరాన్నిబట్టి సహేతుకమైన సర్దుబాట్లు చేయాలని 16వ సెక్షన్ చెబుతోంది. సికిల్ సెల్ ఉన్న అమ్మాయి నొప్పి వచ్చిన వారం ఇంటి నుంచి పాఠం వినేలా, ల్యాబు తర్వాత చేసేలా ఏర్పాటు చేయడం ఈ మాట పరిధిలోకి రాదనడం కష్టం. అయితే హాజరు నిబంధనలు రాసే అకడమిక్ సెక్షన్, వైకల్య ధ్రువపత్రాలు చూసే విభాగం చాలాచోట్ల ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

కుంగుబాటుకు ఎక్స్‌రే ఉండదు. పొద్దున మంచం మీంచి లేవలేకపోవడమే దాని లక్షణాల్లో ఒకటి; అది అధ్యాపకుడికి బద్ధకంలా కనిపిస్తుంది. వరుసగా తరగతులు మానడం సాయం కావాలన్న తొలి సూచన కావచ్చు. అందుచేత హాజరు లెక్క వాడవలసింది ముందు ఇక్కడ. రెండు వారాలు కనబడని విద్యార్థి గదికి ఎవరైనా వెళ్ళి పలకరించడానికి ఆ లెక్క పనికిరావాలి. విశాఖపట్నంలో నీట్ శిక్షణలో ఉన్న ఒక బాలిక మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సిలరు ఉండాలన్నది వాటిలో ఒకటి. కళాశాల కౌన్సిలరు మాటకు కండొనేషన్ కమిటీలో విలువ ఇచ్చినప్పుడే విద్యార్థి ఆ గుమ్మం తొక్కడానికి ముందుకొస్తాడు.

ప్రసూతి, నెలసరి

గర్భం జబ్బు కాదు గానీ హాజరు నిబంధన దాన్నీ ఇదే వరుసలో నిలబెట్టింది. డిగ్రీ, పీజీ విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరు సడలింపులపై తగిన నియమాలు చేసుకోవాలని 2021 డిసెంబరులో యూజీసీ విశ్వవిద్యాలయాలను కోరింది. పరిశోధక విద్యార్థినులకు 2016 నుంచే 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉంది. కోర్టుల మాట ఒకేలా లేదు. ప్రసవం వల్ల హాజరు తగ్గిన ఒక న్యాయ విద్యార్థినికి 2018లో ఢిల్లీ హైకోర్టు ఊరట ఇవ్వలేదు. బార్ కౌన్సిల్ నిబంధన అందుకు ఒప్పుకోదంది. 2023 మేలో అదే హైకోర్టులో మరో న్యాయమూర్తి, ఎంఎడ్ విద్యార్థిని ఒకరి విషయంలో 59 రోజుల ప్రసూతి సెలవును పరిగణించి, ఆపైన థియరీలో 80 శాతం షరతు తీరుతుందో లేదో చూడాలని ఆదేశించారు. చదువా, బిడ్డా అని ఎంచుకోమని స్త్రీని బలవంతం చేయరాదన్నది ఆ తీర్పు సారం.

కేరళ ఇంకో అడుగు వేసింది. కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం 2023 జనవరిలో విద్యార్థినులకు నెలసరి కారణంగా ప్రతి సెమిస్టరూ అదనంగా 2 శాతం కండొనేషన్ ఇచ్చింది. అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఉన్నత విద్యాశాఖ కింది విశ్వవిద్యాలయాలన్నిటికీ విస్తరించింది. అక్కడ విద్యార్థినికి 75 బదులు 73 శాతం చాలు. సర్టిఫికెట్ అడగకుండా ఇచ్చే ఇలాంటి చిన్న సడలింపు నెలనెలా అర్జీ పెట్టుకునే ఇబ్బందిని తప్పిస్తుంది.

కోర్టుల వైఖరి

చాలాకాలం కోర్టులు విద్యా విషయాల్లో తలదూర్చడానికి ఇష్టపడలేదు. నిబంధన ముందే తెలుసు, తెలిసే చేరావు, సానుభూతి మీద తీర్పు ఇవ్వలేం అన్న ధోరణిలోనే ఎక్కువ పిటిషన్లు వీగిపోయాయి. పరీక్ష రేపనగా తాత్కాలిక ఉత్తర్వుతో రాయించి, తర్వాత ఫలితం ఆపేసిన సందర్భాలూ ఉన్నాయి.

మార్పు తెచ్చింది ఒక విషాదం. 2016 ఆగస్టులో ఢిల్లీలో హాజరు చాలక పరీక్షకు అనుమతి దొరకని ఒక న్యాయ విద్యార్థి ఆత్మహత్య చేసుకున్నాడు. సుప్రీంకోర్టు దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుని, తర్వాత ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. 2025 నవంబరు 3న న్యాయమూర్తులు ప్రతిభా ఎం. సింగ్, అమిత్ శర్మల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. గుర్తింపు పొందిన ఏ న్యాయ కళాశాల విద్యార్థినీ కనీస హాజరు లేదన్న కారణంతో పరీక్షకు దూరం చేయరాదని, బార్ కౌన్సిల్ తన నిబంధనలను పునఃపరిశీలించాలని, ఈలోగా వారంవారం హాజరు వివరం విద్యార్థికి, నెలనెలా తల్లిదండ్రులకు తెలపాలని, తగ్గినవారికి అదనపు తరగతులు పెట్టాలని చెప్పింది. అప్పటికీ కొరత మిగిలితే మార్కుల్లో గరిష్ఠంగా 5 శాతం తగ్గించవచ్చు. ఈ తీర్పు న్యాయవిద్యకు సంబంధించినది. ఇంజనీరింగ్, వైద్య విద్యార్థులకు నేరుగా వర్తించదు. అయితే శిక్షకూ తప్పుకూ పొంతన ఉండాలన్న దాని తర్కం ఏ కోర్సుకైనా పనికొచ్చేదే. అయిదు శాతం మార్కులు తగ్గించడానికీ, ఏడాది జీవితం తీసుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో అది చూపించింది.

గీత లేని చోట్లు

హాజరు గీత లేకుండా మంచి చదువు సాగదన్న వాదనకు దేశంలోనే జవాబులున్నాయి. హైదరాబాద్‌లో కూడా ప్రాంగణం ఉన్న బిట్స్ పిలానీలో పరీక్షకు కనీస హాజరు షరతు లేదు. మూల్యాంకనం సెమిస్టరు పొడవునా నడుస్తుంది కనుక తరగతులకు రాకపోతే ఆ నష్టం మార్కుల్లోనే తెలుస్తుంది. ఆస్పత్రిలో చేరడం వంటి నిజమైన కారణంతో పరీక్ష తప్పినవారికి మేకప్ పరీక్ష ఉంటుంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దీర్ఘరోగులెందరికో అది చదువు నిలబెట్టే దారి. 2021లో యూజీసీ తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వల్ల, సంపాదించిన క్రెడిట్లు దాచుకుని విరామం తర్వాత కొనసాగించే వీలు నియమాల్లో వచ్చింది. జబ్బుపడినవారిని డిటెయిన్ చేసే బదులు సెమిస్టరు మధ్యలో గౌరవంగా విరామం తీసుకోనివ్వడానికి ఇది బాగా పనికొస్తుంది.

విదేశాల్లో తెలుగు విద్యార్థులు

అమెరికాలో హాజరు నియమం ఎక్కువగా ఆ కోర్సు చెప్పే ప్రొఫెసర్ చేతిలో ఉంటుంది. జబ్బుపడినవారికి 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, 1990 నాటి దివ్యాంగుల చట్టం కింద సర్దుబాట్లు దొరుకుతాయి. కొద్దిపాటి పని మిగిలితే ‘ఇన్‌కంప్లీట్’ గ్రేడు ఇచ్చి తర్వాత పూర్తి చేయనిస్తారు. ఎక్కువైతే మెడికల్ విత్‌డ్రాయల్, అంటే జబ్బు కారణంగా కోర్సుల నుంచి వైదొలగడం. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం సహేతుకమైన సర్దుబాట్లను బాధ్యతగా చేసింది. కొద్దిరోజుల జబ్బుకు చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి స్వయంగా రాసిచ్చే ప్రకటన సరిపోతుంది. జర్మనీలో లెక్చర్లకు సాధారణంగా హాజరు తీసుకోరు. పరీక్ష రోజున జబ్బు చేస్తే మాత్రం డాక్టరు ధ్రువపత్రం వెంటనే పంపాలి.

ఈ దేశాలకు వెళ్ళిన మన పిల్లలకు మెడ మీద ఉండేది వీసా. అమెరికాలో ఎఫ్-1 వీసా నిలవాలంటే పూర్తి కోర్సు భారం ఉండాలి. జబ్బు చేస్తే ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకు భారం తగ్గించుకోవచ్చు, అవసరమైతే పూర్తిగా మానవచ్చు. అందుకు లైసెన్సు ఉన్న వైద్యుడు లేదా క్లినికల్ సైకాలజిస్టు ఇచ్చిన పత్రం కావాలి. దాన్ని చూసి విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారి ముందుగా అనుమతించి, విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌లో నమోదు చేయాలి. అనుమతి రాకముందే కోర్సు వదిలేస్తే, జబ్బు ఎంత నిజమైనదైనా వీసా హోదా పోయే ప్రమాదం ఉంది. ఇంటికి దూరంగా జ్వరంతో పడుకున్నవారు మొదట ఫోను చేయవలసిన వారిలో ఆ అధికారి ఒకరు.